మందుల చీటీ: లెక్కకి కూడా కేసు షీటు కావాలి



పోయిన నెల ఈ శీర్షికలో ఇంట్లో బి.పి. చూసుకునే మిషను గురించి వ్రాశాను. ఈ నెల ఉప్పు గురించి వ్రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు క్షమించాలి. ఉప్పు ఎక్కడికీ పోదు, మన ఆవకాయ జాడీల్లో భద్రంగానే ఉంటుంది. ఈలోగా నాకు జరిగిన ఒక పరాభవం మీతో చెప్పుకోవాలి. చెప్పుకుంటే నా మనసు తేలికపడుతుంది. పైగా మన సంఘంలో సగం ఇళ్ళలో ఎవరో ఒకరు అంకెలతోనే అన్నం తింటున్నారు. ఒకరు అకౌంటెంటు, ఒకరు ఇంజనీరు, ఒకరు నర్సింగులో పై చదువు, ఇంకొకరి అబ్బాయికి హైస్కూల్లో స్టాటిస్టిక్సు. కనుక నా పరాభవం మీకు పనికి రావచ్చు.

గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివిన రోజుల్లో మాకు స్టాటిస్టిక్సు అంటే పార్కుగారి లావుపాటి పుస్తకంలో ఒక అధ్యాయం, అంతే. సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిను పరీక్షకి ముందు రాత్రి, తెల్లవారుఝామున మూడింటికి ఆ అధ్యాయం దాకా వచ్చేవాళ్ళం. వచ్చి, పుస్తకం మూసి, పడుకునేవాళ్ళం. స్టాండర్డు డీవియేషను నిర్వచనం బట్టీపట్టి గట్టెక్కాం. ఆ అప్పు నేను సముద్రాలు దాటి వచ్చి, ఈ హెండర్సన్‌లో వడ్డీతో సహా తీర్చాను.

సంగతి ఇది. నేను పనిచేసే చోట (పేరెందుకు లెండి, తప్పు నాది) షుగరు వ్యాధి ఉన్నవాళ్ళకి సాయంత్రాలు ఒక తరగతి నడుపుతున్నారు. ఏం తినాలి, ఎంత నడవాలి, మాత్రలు ఎందుకు మానకూడదు, ఇవన్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి చెబుతారు. మనవాళ్ళు వస్తారు, ఫిజీ భారతీయులు వస్తారు, సమోవా, టోంగా కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయి. ఏడాది గడిచాక, దీనివల్ల లాభం ఉందో లేదో లెక్క తీసి చెప్పమన్నారు. లాభం లేకపోతే ఆ డబ్బు ఇంకోదానికి వాడుకుంటారు. ఆ లెక్క ఎవరు తీస్తారన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ నావైపు చూశారు. ఇండియా నుంచి వచ్చిన డాక్టరు కదా, లెక్కలు బాగా వచ్చి ఉంటాయని వాళ్ళ నమ్మకం. దేశం పరువు నిలబెట్టాలని నేనూ సరేనన్నాను.

క్లినిక్కు మూసేశాక కూర్చుని స్ప్రెడ్‌షీటులో పట్టిక తయారుచేశాను. మొదటి గడిలో పేషెంటు నంబరు, రెండో గడిలో తరగతికి వచ్చారా లేదా, మూడు నాలుగు గడుల్లో అంతకు ముందు, ఆ తరువాత హెచ్‌బిఏ1సి. ఇది రెండు మూడు నెలల షుగరు ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అని మీలో చాలామందికి తెలుసు. మన దేశంలో శాతాల్లో చెబుతారు, ఇక్కడ మిల్లీమోళ్ళలో చెబుతారు. అక్కడి 7 శాతం ఇక్కడి 53.

ఆ రాత్రి ఒక క్షణం, ఎవరి షుగరు అందరికన్నా ఎక్కువగా ఉందో చూద్దామనిపించింది. చివరి గడి ఒక్కటే పట్టుకుని, చిన్న నుంచి పెద్దకి వరస చేశాను. తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. నిద్ర కళ్ళతో ఓకే నొక్కాను. ఆ ఒక్క నొక్కుతో చివరి గడిలోని అంకెలన్నీ కదిలిపోయాయి, పక్కనున్న మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఒకరి షుగరు ఇంకొకరి నెత్తిన పడింది. నేను చూసుకోలేదు. చూసుకున్నా తెలిసేది కాదు. ఎందుకంటే మొత్తం సరాసరి అంతకు ముందెంత ఉందో అంతే ఉంది! అంకెలు అవే కదా, చోట్లు మారాయి అంతే.

లెక్క తేలింది. తరగతికి వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ తేడా ఏమీ లేదు. మర్నాడు మీటింగులో లేచి నిలబడి, ఈ తరగతి దండగ అని చెప్పటానికి సిద్ధమయ్యాను.

ముందుగా ఒకసారి చూడమని కాగితాలు మా నర్సుగారి చేతికిచ్చాను. ఆవిడ సమోవా ఆవిడ, మాకందరికీ పెద్దదిక్కు. ఒక వరస దగ్గర వేలు ఆగింది.

"ఈమెకి తొంభై రెండా? కాదే. యాభై ఎనిమిది వచ్చిందని నేనే ఫోను చేసి చెప్పాను. సంతోషంతో ఫోనులోనే ఏడ్చింది."

నా ప్రాణం అక్కడే పోయింది. మూడు సాయంత్రాలు కూర్చుని ల్యాబు రిపోర్టులన్నీ మళ్ళీ తీసి, ఒక్కొక్క అంకె సరిచూసుకున్నాను. మీటింగు వాయిదా వేయించాను. నన్ను ఎక్కువ భయపెట్టింది తప్పు జరగటం కాదు. ఆ తప్పు ఎప్పుడు జరిగిందో, ఏ నొక్కుతో జరిగిందో వెతుక్కుందామంటే ఎక్కడా ఆనవాలు లేకపోవటం. మౌసుకి నోరు లేదు. చేసింది చేసేసి ఊరుకుంటుంది.

నేనొక్కదాన్నే కాదు, పెద్దపెద్దవాళ్ళు కూడా ఇలాగే దెబ్బతిన్నారు. 2020లో కోవిడు రోజుల్లో ఇంగ్లండులో సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 మంది రోగుల లెక్క జాబితాలోకి ఎక్కకుండా పోయింది. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలకి మించి పట్టవు. మించినవి చడీచప్పుడూ లేకుండా రాలిపోయాయి. వాళ్ళని కలిసిన మనుషులకి ఇంట్లో ఉండమని చెప్పటం అందువల్ల ఆలస్యమైంది. స్ప్రెడ్‌షీటు చెడ్డదని నేను అనటం లేదు. అంకెలు ఎక్కించుకోవటానికి దాన్ని మించింది లేదు. వైద్యం మాత్రం అందులో చెయ్యకూడదు.

హౌస్ సర్జన్సీలో మా ప్రొఫెసరుగారు రౌండ్లలో ఒకటే మాట అనేవారు. కేసు షీటులో వ్రాయని వైద్యం చేయని వైద్యంతో సమానమని. ఇంజక్షను ఇచ్చానంటే కుదరదు. ఎంత, ఎప్పుడు, ఎవరు ఇచ్చారో కాగితం మీద ఉండాలి. మనిషికి అంత జాగ్రత్తగా కేసు షీటు వ్రాసే నేను, ఎనభై చిల్లర మంది అంకెలకి ఒక్క ముక్క వ్రాయకుండా ఆపరేషను చేసేశాను.

ఈ ఏడుపంతా ఎదురింటి వదినగారి దగ్గర ఏడుస్తుంటే, యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతున్న వాళ్ళమ్మాయి విన్నది.

"పిన్నీ, మీరు ఆర్ నేర్చుకోండి."

"ఆర్ అంటే?"

"ఆర్ అంటే ఆరే పిన్నీ. ప్రోగ్రాము పేరు."

"ఇనీషియలు చెప్పావు. అసలు పేరేమిటి?"

"అదే అసలు పేరు. అది పుట్టింది మా డిపార్టుమెంటులోనే."

నేను నమ్మలేదు. తరువాత చదివి తెలుసుకున్నాను. అక్షరాలా నిజం. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ఈ ప్రోగ్రాము, మన హెండర్సన్ స్టేషన్లో రైలెక్కితే గంటలోపు చేరే ఆక్లండు యూనివర్సిటీలో పుట్టింది. 1990ల మొదట్లో అక్కడి స్టాటిస్టిక్సు శాఖలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు తమ విద్యార్థులకి పాఠం చెప్పటానికి పనికొస్తుందని దీన్ని మొదలుపెట్టారు. ఇహాకాగారు మావోరీ సంతతివారు, జెంటిల్‌మన్‌గారు కెనడా ఆయన. అమెరికాలో బెల్ ల్యాబ్సువారు 1976లో మొదలుపెట్టిన ఎస్ అనే భాష అప్పటికే ఉంది. దానికి చుట్టంలాంటిదే కనుకా, ఇద్దరి పేర్లూ ఆర్ అక్షరంతో మొదలవుతాయి కనుకా, దీనికి ఆర్ అని పేరు పెట్టారు. 1993లో బయటివాళ్ళకి చూపించారు. స్విట్జర్లండు నుంచి మార్టిన్ మేక్లర్ అనే ఆయన, దీన్ని అందరికీ ఉచితంగా, లోపలి రాతతో సహా ఇచ్చెయ్యమని నచ్చచెప్పగా 1995లో అలాగే ఇచ్చేశారు. 1997 నుంచి పలు దేశాలవాళ్ళు కలిసి దీన్ని చూసుకుంటున్నారు. 1.0.0 అని నంబరు వేసుకుని బయటికి వచ్చింది 2000 ఫిబ్రవరి 29న. నాలుగేళ్ళకొకసారి పుట్టినరోజు అన్నమాట!

మన ఊరి సరుకు, పైగా ఉచితం. ఇంక నేర్చుకోకపోవటానికి నాకు సాకు దొరకలేదు. నేను పడిన తిప్పలు మీరు పడకుండా, మొదటి గంటలో తెలియవలసినవి వరసగా చెబుతాను.

మొదటిది. రెండు ప్రోగ్రాములు ఎక్కించుకోవాలి. ముందు ఆర్, తరువాత ఆర్‌స్టూడియో. ఆర్ ఇంజను, ఆర్‌స్టూడియో దాని చుట్టూ కట్టిన కారు. ఇంజను లేని కారు కదలదు, కాబట్టి ఈ వరసే ముఖ్యం. ఆర్‌స్టూడియో 2011లో వచ్చింది. తయారుచేసే కంపెనీ 2022లో పాజిట్ అని పేరు మార్చుకుంది కానీ ప్రోగ్రాము పేరు మారలేదు. ఇద్దరూ డబ్బు అడగరు. ఎవరైనా అడిగితే మీరు తప్పు గుమ్మం తొక్కారన్నమాట.

రెండోది. ఆర్‌స్టూడియో తెరవగానే భయపడకండి. నేను భయపడ్డాను. మనకి అలవాటైన గళ్ళ పట్టిక ఎక్కడా కనపడదు. ఎడమవైపు ఒక ఖాళీ జాగా, అందులో > అనే గుర్తు, దాని పక్కన మిణుకుమిణుకుమనే గీత. అంతే. ఆ గుర్తుకి అర్థం, చెప్పండి వింటున్నాను అని. ఆ జాగా పేరు కన్సోలు. ఇది మన ఓ.పి. లాంటిది. మీరు అడుగుతారు, అది అక్కడికక్కడే జవాబు చెబుతుంది. మాటలు అయిపోయాక గాలికి పోతాయి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మొదటిసారి తెరిచినప్పుడు కనపడని గది ఒకటుంది. ఫైలు మెనూలోకి వెళ్ళి, న్యూ ఫైలు, ఆర్ స్క్రిప్టు అని నొక్కితే ఎడమవైపు పైన తెరుచుకుంటుంది. ఇదే కేసు షీటు. చెయ్యదలచుకున్నదంతా ఇక్కడ వ్రాయాలి. వ్రాసిన వరస మీద ఉండి కంట్రోలు, ఎంటరు కలిపి నొక్కితే (మ్యాకు వాళ్ళకి కమాండు, ఎంటరు) ఆ వరస కిందికి కన్సోలులోకి వెళ్ళి పని జరుగుతుంది. పని అయ్యాక కూడా వ్రాత పైన అలాగే ఉంటుంది. ఆరు నెలల తరువాత నర్సుగారు వేలు పెట్టి ఇదెక్కడిదని అడిగితే చూపించటానికి ఉంటుంది.

నాలుగోది. కుడివైపు పైగది పేరు ఎన్విరాన్‌మెంటు. ప్రస్తుతం వార్డులో ఎవరెవరు అడ్మిటై ఉన్నారో చెప్పే బోర్డు అది. మీరు తెచ్చుకున్న పట్టికలూ, పేరు పెట్టుకున్న అంకెలూ అక్కడ కనపడతాయి. పట్టిక పేరు మీద నొక్కితే, పోయిందనుకున్న గళ్ళ పట్టిక ప్రత్యక్షమవుతుంది. చూసుకోవటానికే అది, చేత్తో దిద్దటానికి వీల్లేదు. మొదట్లో నాకు కోపం వచ్చింది. ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను. కుడివైపు కిందగదిలో ఫైళ్ళు, బొమ్మలు, ప్యాకేజీలు, సహాయం, అన్నీ అరల్లో సర్దినట్టు ఉంటాయి.

ఇప్పుడు కాస్త చెయ్యి పెడదాం. మన పత్రికలో అంతా తెలుగు లిపి కనుక, మాటలు పలికినట్టే వ్రాస్తున్నాను. మీరు మాత్రం కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఆర్‌కి వేరు వేరు మనుషులు. అత్తగారి మడిలాగా, ఈ విషయంలో రాజీ లేదు.

షుగర్ <- సి(48, 53, 64, 75, 86)
మీన్(షుగర్)

మొదటి వరసలో బాణం గుర్తుకి అర్థం, ఈ అయిదు అంకెలనీ కలిపి షుగర్ అనే డబ్బాలో పెట్టు అని. కలపటానికి సి అనే ఒంటక్షరం. రెండో వరస సరాసరి అడుగుతుంది. జవాబు [1] 65.2 అని వస్తుంది. ఆ [1] చూసి నేను చాలాసేపు తికమకపడ్డాను. అది జవాబులో భాగం కాదు. ఆ వరసలో మొదటిది ఎన్నో అంకె అని చెప్పే గుర్తు మాత్రమే.

ఇప్పుడు ఒకరు రక్తపరీక్షకి రాలేదనుకోండి. మన ఆఫీసుల్లో అలవాటు ఏమిటి? 999 అని వేస్తాం. అయిదు అంకెల పక్కన ఆ 999 కూడా చేర్చి సరాసరి తీస్తే 220.8333 వస్తుంది. అంత షుగరున్న మనిషి నా ఎదుట కూర్చోడు, అంబులెన్సులో ఉంటాడు. ఇక్కడ అయిదుగురే కనుక తప్పు కొట్టొచ్చినట్టు కనిపించింది. అయిదువేల మందిలో ఒకటి రెండు 999లు ఉంటే సరాసరి కొంచెం పెరిగి ఊరుకుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. అందుకని 999కి బదులు ఎన్ఏ అని పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఇప్పుడు సరాసరి అడిగితే ఆర్ కూడా ఎన్ఏ అంటుంది. ఒకరి సంగతి తెలియకుండా అందరి సంగతి ఎలా చెప్పను అని దాని భావం. మొండితనం అనుకున్నాను మొదట. కాదు, నిజాయితీ. ఆ ఒక్కరినీ వదిలేసి మిగతావాళ్ళ సరాసరి చెప్పమని మనం నోరు తెరిచి అడగాలి.

మీన్(షుగర్, ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ)

ట్రూ మాత్రం అన్నీ పెద్ద అక్షరాలు. మళ్ళీ 65.2 వస్తుంది. వదిలేశామన్న సంగతి కేసు షీటులో మన చేతి వ్రాతతో ఉండిపోతుంది.

ఇక నా పాపాన్ని మీరే మీ ఇంట్లో, ఎవరికీ హాని లేకుండా చేసి చూడవచ్చు. సాధనకి ఆర్ కొన్ని పట్టికలు తనతోనే తెచ్చుకుంటుంది. అందులో వుమెన్ అనేదాంట్లో 15 మంది అమెరికా ఆడవాళ్ళ ఎత్తూ బరువూ ఉన్నాయి. పట్టికలోంచి ఒక నిలువు వరస కావాలంటే మధ్యలో డాలరు గుర్తు పెట్టాలి.

కార్(వుమెన్$హైట్, వుమెన్$వెయిట్)
కార్(వుమెన్$హైట్, రెవ్(వుమెన్$వెయిట్))

కార్ అంటే రెండిటికీ ఉన్న పొత్తు ఎంత అని. పూర్తి పొత్తుకి 1, పూర్తి వైరానికి మైనస్ 1. మొదటి వరసకి 0.9954948 వస్తుంది. పొడుగు పెరిగేకొద్దీ బరువు పెరుగుతోంది, సబబే. రెండో వరసలో రెవ్ అన్నది బరువుల వరసని తలకిందులు చేస్తుంది. జవాబు అదే అంకె, ముందు మైనస్‌తో. అంటే పొడుగు పెరిగేకొద్దీ మనుషులు చిక్కిపోతున్నారు! ఇప్పుడు బరువుల సరాసరి రెండు రకాలుగానూ తీసి చూడండి. రెండుసార్లూ 136.7333 పౌండ్లే. సరాసరి చూసి అంతా బాగుందనుకునేవాళ్ళకి ఇంతకన్నా పాఠం అక్కర్లేదు. నేను ఆ రాత్రి చేసింది ఇటువంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ రెవ్ అనే మూడక్షరాల మాట కాగితం మీద కనపడుతోంది. చదివినవాళ్ళెవరైనా ఇదేమిటమ్మా అని అడగగలరు.

మొదటి వారంలో తగిలే ముళ్ళు మరికొన్ని చెబుతాను.

> గుర్తుకి బదులు + గుర్తు వచ్చి, ఏం కొట్టినా జవాబు రాకపోతే మీరు బ్రాకెట్టు మూయటం మరిచారని అర్థం. మాట పూర్తి చెయ్యండి, వింటున్నాను అంటోంది. ఎస్కేపు మీట నొక్కితే మొదటికి వస్తుంది. నేను కంప్యూటరే ఆపేసి మళ్ళీ పెట్టాను.

ఎర్ర అక్షరాలు వచ్చినంత మాత్రాన అది తిట్టు కాదు. ఎర్రర్ అని ఉంటే పని జరగలేదు. వార్నింగ్ అని ఉంటే జరిగింది కానీ ఒకసారి చూసుకోమని. ఆ రెండు మాటలూ లేకపోతే ఊరికే కబురు. ఫలానా ఆబ్జెక్టు దొరకలేదంటే నూటికి తొంభై పాళ్ళు మన స్పెల్లింగే. ఫలానా ఫంక్షను దొరకలేదంటే ఎక్కువగా ప్యాకేజీ తెరవటం మరిచిపోయాం. ప్యాకేజీ ఎక్కించుకోవటం పుస్తకం కొనటం లాంటిది, ఒకసారి చాలు. లైబ్రరీ అనే మాటతో దాన్ని తెరవటం మాత్రం కూర్చున్న ప్రతిసారీ చెయ్యాలి.

స్ప్రెడ్‌షీటులోని పట్టికని సీఎస్‌వీ రకంగా దాచి, ఆర్‌లోకి చదివించుకోండి. ఆర్ చదివేది నకలు. ఎంత తిరగేసినా, మనం పనిగట్టుకుని అదే పేరు మీద తిరిగి వ్రాయమంటే తప్ప, అసలు ఫైలు చెక్కు చెదరదు. తప్పు చేశామా, స్క్రిప్టు దిద్దుకుని మొదటినుంచీ నడిపిస్తే చాలు. నాకు మూడు సాయంత్రాలు పట్టిన పని అప్పుడు మూడు నిమిషాల్లో అయ్యేది.

స్క్రిప్టులో # గుర్తు పెట్టి ఆ తరువాత ఏం వ్రాసినా ఆర్ చదవదు. అది మన కోసం. ఎందుకు చేశామో అక్కడ వ్రాసుకోవాలి. ఫైలుని యూటీఎఫ్-8 రకంగా దాచుకుంటే తెలుగులోనూ వ్రాసుకోవచ్చు. నేను అలాగే వ్రాసుకుంటున్నాను. అర్ధరాత్రి నన్ను నేను తిట్టుకోవటానికి తెలుగే హాయి.

మూసేటప్పుడు వర్క్‌స్పేసు దాచమంటావా అని అడుగుతుంది. వద్దనండి. దాస్తే నిన్నటి డబ్బాలు ఇవాళ పొద్దున్నే తయారై, పాత అంకెలు కొత్త లెక్కలో కలుస్తాయి. దాచుకోవలసింది స్క్రిప్టు. వంటకం పాచిపోతుంది, వండే పద్ధతి పాచిపోదు.

చివరిది డాక్టర్లకీ నర్సులకీ ప్రత్యేకం. పేషెంట్ల పట్టిక ఇంటి కంప్యూటరులోకి తెచ్చుకోకండి. ఇంట్లో సాధనకి వుమెన్ చాలు.

ఇంత టైపు కొట్టే ఓపిక మాకు లేదనేవారు ఉంటారు. వాళ్ళకీ దారి ఉంది. ఐఎన్‌జైట్ అని మన ఆక్లండు స్టాటిస్టిక్సు శాఖవారే చేసిన ప్రోగ్రాము ఒకటుంది. లోపల ఆర్, పైన బొత్తాలు. ఇక్కడి హైస్కూళ్ళలో వాడతారు, మీ పిల్లల్ని అడిగి చూడండి. కెనడాలో జాన్ ఫాక్స్ అనే ప్రొఫెసరుగారు చేసిన ఆర్ కమాండరు ఇంకొకటి. మెనూలో మీరు నొక్కినదానికల్లా ఆర్ భాషలో ఏమంటారో పక్కన వ్రాసి చూపిస్తుంది. ఏ దారిన వెళ్ళినా, చేసిన పని వ్రాతలో మిగులుతోందా లేదా అని ఒక్కటి చూసుకోండి.

నేర్చుకుంటుండగా ఒకరోజు, రెండు లెక్కల్ని పోల్చే ఆజ్ఞ గురించి సహాయం గదిలో చదువుతున్నాను. ఏ పరీక్ష కావాలో చెప్పమని పేర్ల జాబితా ఇచ్చాడు. అందులో రావు అని ఉంది! కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. రావే. మన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు, లోకానికి సి.ఆర్. రావు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా వెళ్ళి 1943లో స్టాటిస్టిక్సులో ఎం.ఏ. పుచ్చుకున్నారు. 1948లో ఆయన చెప్పిన పరీక్ష అది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్సు బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టు 22న నూటరెండేళ్ళ వయసులో పోయారు. విశాఖపట్నంలో లెక్కలు చదివిన ఆయన పేరు, ఆక్లండులో పుట్టిన ప్రోగ్రాములో, హెండర్సన్‌లో నా వంటింటి బల్ల మీద కనిపించింది. ఎదురింటి అమ్మాయిని పిలిచి చూపించాను. "అరె, ఇది మన ఇంటిపేర్లలాంటిదే" అంది. ఆ పిల్లకి నేను చెప్పగలిగిన పాఠం ఆ ఒక్కటే.

తరగతి సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. అంకెలు సరిచేసి, స్క్రిప్టు వ్రాసి, మళ్ళీ లెక్క తీశాను. తరగతికి వచ్చినవాళ్ళ షుగరు, రానివాళ్ళ కన్నా ఎక్కువగానే తగ్గింది. అంతమాత్రాన అది తరగతి మహిమేనని ఒట్టువేయలేను. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్ళే తరగతికి వచ్చి ఉండవచ్చు, వాళ్ళు రాకపోయినా బాగుపడి ఉండేవారేమో. మనుషులు కూడా కొద్దిమందే. ఈ మాటలే మీటింగులో చెప్పాను. ముందు నేను చేసిన తప్పు కూడా దాచకుండా చెప్పాను. స్క్రిప్టు అచ్చుతీసి నర్సుగారి ముందు పెట్టాను. ఆవిడకి ఆర్ రాదు. అయినా # గుర్తు పక్కన ఇంగ్లీషులో వ్రాసినవన్నీ ఓపిగ్గా చదివి, ఒక చోట వేలు పెట్టి, వీళ్ళిద్దరినీ ఎందుకు వదిలేశావని అడిగారు. జవాబు చెప్పగలిగాను. అంతకన్నా పెద్ద పరీక్ష నేను ఎక్కడా పాసవలేదు.

తరగతి నడుస్తోంది. ఫోనులో ఏడ్చిన ఆవిడ ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటుంది. ఆవిడ షుగరు ఎంతో తెలియని డాక్టరు ఒకరు ఆ హాలుకి తాళం వేయించబోయారని ఆవిడకి తెలియదు.

ఉప్పు సంగతి వచ్చే నెల తప్పక వ్రాస్తాను. ఈసారి మాట మీద నిలబడతాను.